పాత గచ్చు మీద మగ్గం షెడ్డు

ఎమ్మిగనూరులో ఇల్లు ఇరుకై, గుంట మగ్గం వదిలి స్టాండ్ మగ్గానికి మారాలనుకునే నేతన్న కన్ను ముందు ఇంటి వెనక గచ్చు మీద పడుతుంది. ఎప్పుడో శెనక్కాయలు ఆరబోసుకోవడానికో, బట్టలు ఉతుక్కోవడానికో పోయించిన కాంక్రీటు అది. నేల తయారుగా ఉంది, నాలుగు పైపులు నిలబెట్టి రేకులు పరిస్తే సరిపోతుందని వెల్డరు కూడా అంటాడు. ఆ గచ్చు షెడ్డును మోయగలదు, అనుమానం లేదు. గాలి వచ్చినప్పుడు పట్టి ఉంచగలదా అన్నదే తేల్చుకోవాలి.

లెక్క వేద్దాం. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు కప్పుకు అర మిల్లీమీటరు ఇనుప రేకులు 50 కిలోల పైచిలుకు తూగుతాయి. పైపులు కలిపినా రెండు మూడు వందల కిలోలే. ఇక గాలి. కట్టడాల మీద గాలి లెక్కకు దేశమంతా వాడే ఐఎస్ 875 ప్రమాణం కర్నూలుకు సెకనుకు 39 మీటర్ల వేగం ఇచ్చింది, అంటే గంటకు 140 కిలోమీటర్లు. ఒక పక్క తెరిచి ఉన్న షెడ్డులోకి అంత గాలి దూరితే కప్పును పైకి లేపే బలం దాదాపు టన్ను. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో వచ్చే గాలికి మన వైపు రేకులు లేచిపోయేది ఇందుకే.

అంతే చోటులో నాలుగంగుళాల గచ్చు రెండున్నర టన్నులకు పైనే ఉంటుంది. ఒకే పలకగా ఉన్నంతకాలం షెడ్డుకు అదే లంగరు. పగిలిందంటే మూల ముక్క మీది స్తంభానికి ఆ ముక్క బరువే దిక్కు.

అందుకే పగుళ్ళు చూడాలి. వెంట్రుక మందం గీతలతో భయం లేదు. రూపాయి బిళ్ళ దూరేంత సందు ఉన్నా, పగులుకు ఒక పక్క ఎత్తుగా లేచినా, కింద నేల కదులుతోందని అర్థం. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల నల్లరేగడి ఎండాకాలం నోరు తెరుస్తుంది, వానలకు ఉబ్బుతుంది. పగులు మీద అడ్డంగా కాస్త సిమెంటు పూసి, తేదీ రాసి, వానలు పడేదాకా ఆగండి. పూత చిట్లితే ఆ గచ్చుకు బోల్టులు వద్దు. గరుసు మీదో, రాతి నేల మీదో పోసిన గచ్చుకు ఈ బెడద ఉండదు.

అంచు పక్కన తవ్వి మందం కూడా కొలవండి. సుత్తితో కొడుతూ పోతే డొల్ల ఉన్నచోట శబ్దం మారుతుంది. రెండంగుళాల గచ్చయితే స్తంభం వచ్చేచోట అడుగున్నర చదరం కోయించి, గరుసు తగిలేదాకా గుంత తీసి కాంక్రీటు పోయడమే మేలు. ఖర్చు పెరుగుతుంది, అయినా ఇక్కడ పొదుపు చేయకండి.

నాలుగంగుళాలు గట్టిగా ఉంటే ప్రతి స్తంభానికి బేస్ ప్లేటు, నాలుగు 12 మి.మీ. యాంకర్ బోల్టులు. అంచుకు కనీసం ఐదంగుళాలు లోపలికి వేయించండి, లేకపోతే అంచు పెళ్ళ ఊడి బోల్టుతో పాటు వస్తుంది. డ్రిల్లు తీశాక రంధ్రంలో తెల్లటి పిండి మిగులుతుంది. సైకిలు పంపుతో ఊది, బ్రష్ ఆడించి, మళ్ళీ ఊదాకే బోల్టు దించాలి. పిండి మీదే దిగ్గొడితే ఆ రోజు బిగిసినట్టే అనిపిస్తుంది, గాలి లాగినప్పుడు జారుతుంది. ఈ పని జరిగేటప్పుడు దగ్గరుండి చూసుకోండి.

రేకుల కింద ఎండ మండితే నూలు ఎండి పోగులు తెగుతాయి. పడమర గోడ మూసేసి, ఉత్తరాన కిటికీ పెట్టి, కప్పు మీద తెల్ల సున్నం కొట్టించండి. గచ్చుకు వాలు లేకపోతే వాన నీళ్ళు మగ్గం కిందే నిలుస్తాయి. ఒక బిందె కుమ్మరిస్తే ఎటు పారుతాయో తెలిసిపోతుంది. ఇనుప షెడ్డులోకి కరెంటు లాగితే ఎర్తింగు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) రెండూ ఉండి తీరాలి.

డబ్బు ఖర్చుపెట్టేలోగా కర్నూలు చేనేత జౌళి శాఖ కార్యాలయానికి ఒకసారి వెళ్ళి రండి. జాతీయ చేనేత అభివృద్ధి కార్యక్రమంలో నేతకారులకు సొంత వర్క్‌షెడ్డు కోసం సాయం ఉంది. గుర్తింపు కార్డు, స్థలం కాగితాలు, ఖాళీ గచ్చు ఫోటో పట్టుకెళ్ళి, ఈ ఏడాది ఎవరికి ఎంత ఇస్తున్నారో అడిగాకే వెల్డరుకు అడ్వాన్సు ఇవ్వండి.