కంపైలరులో క్రొత్త విశేషణము: ఒక ప్యాచ్ పరిశీలన

నామవాచకము యొక్క గుణమును తెలుపునది విశేషణమనియు, ఆ గుణము దేనికి చెందునో అది విశేష్యమనియు మనము పాఠశాలలోనే నేర్చియున్నాము. ఉర్దూ వ్యాకరణమున వీనినే సిఫత్, మౌసూఫ్ అందురు. కంప్యూటరు శాఖ విద్యార్థులు కొందరు ‘ఫంక్షన్ ఆట్రిబ్యూట్’ అను మాటకు తెలుగేమని అడిగినపుడు మేము తడుముకొనక ‘విశేషణము’ అని చెప్పితిమి. పిదప వారితో కూర్చుండి విషయమును చదువగా, ఇది మన కావ్యములలోని విశేషణము వంటిది కాదని తెలిసినది. కావ్యమున విశేషణము అతిశయోక్తియైనను ఎవరికిని హాని లేదు. కంపైలరు మాత్రము విశేషణమును అక్షరాలా నమ్మును. నమ్మి, ఆ నమ్మకముతో ప్రోగ్రామునే మార్చును.

సి వంటి భాషలలో వ్రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు సాధనము కంపైలరు. 1987లో తొలిసారి వెలువడిన జి.సి.సి. వీనిలో సుప్రసిద్ధము. దాని మూలమును ఎవరైనను చదువవచ్చును, మార్పు సూచింపవచ్చును. ఏ పంక్తులు తొలగింపవలెనో, ఏ పంక్తులు చేర్చవలెనో చూపునట్టి పత్రమే ప్యాచ్. ఇతరులు దానిని చదివి, ప్రశ్నించి, సరియని తోచిన పిమ్మటనే చేర్చుకొందురు.

ఆ కంపైలరునకు 2003లో, 3.3వ కూర్పున, ‘నాన్‌నల్’ అను విశేషణము వచ్చినది. పాయింటరనగా మెమరీలోని ఒక చోటికి చిరునామా. ఏ చోటును చూపని పాయింటరు నల్. ‘ఈ ఫంక్షనునకు ఇచ్చు పాయింటరు ఎన్నడును నల్ కాదు’ అని ప్రోగ్రాము వ్రాయువాడు ఇచ్చు మాటయే ఈ విశేషణము. మెమరీలో ఒకచోట నుండి మరియొకచోటికి బైట్లను చేరవేయు ‘మెమ్‌కాపీ’, ‘మెమ్‌మూవ్’ అను ఫంక్షనులు దీనికి మంచి ఉదాహరణములు. వీనికి మూడు విషయములు చెప్పవలెను: ఎక్కడికి, ఎక్కడ నుండి, ఎన్ని బైట్లు. మొదటి రెండును పాయింటర్లు.

చిక్కంతయు మూడవ దానిలో నున్నది. బైట్ల సంఖ్య సున్న యైనచో? సున్న పుస్తకములు తెమ్మన్నవానిని ఏ గది నుండి అని అడుగుట వ్యర్థము కదా! లోకజ్ఞానము ఇట్లుండగా, సి భాషా ప్రమాణము మాత్రము సంఖ్య సున్న యైనను పాయింటర్లు సరియైనవిగానే ఉండవలెనని నిర్దేశించినది. చాలమంది ఈ నియమమును ఎరుగరు. ఎరుగకున్నను వారి ప్రోగ్రాములు ఏండ్ల తరబడి నడచినవి.

2014లో జి.సి.సి. 4.9వ కూర్పు ఈ నియమమును మరింత గట్టిగా వాడుకొనసాగెను. ఒక ఫంక్షను ముందుగా మెమ్‌మూవ్‌ను పిలిచి, తరువాత ‘గమ్యస్థానము నల్ కానిచో దానిలోని విలువను ఇమ్ము’ అను పరీక్ష చేయుచున్నదనుకొందము. కంపైలరు తర్కము ఇట్లుండును: మెమ్‌మూవ్‌కు నల్ ఇయ్యరాదు, ఇచ్చినారు కావున ఇది నల్ కాదు, కాదు కావున తరువాతి పరీక్ష అనవసరము. దానిని తీసివేయును. మన తార్కికులు అర్థాపత్తి అనిన దానికి ఇది చేరువ. తర్కమున దోషమేమియు లేదు. కాని సున్న సంఖ్యతో నల్ వచ్చిన నాడు, కాపాడవలసిన పరీక్ష అక్కడ లేక ప్రోగ్రాము కూలిపోవును. వ్రాసినవాడు తన మూలమును తెరచి చూచిన పరీక్ష కన్నులకు కనబడుచునే యుండును! ఇంతకన్న కష్టమైన దోషాన్వేషణ మరియొకటి లేదని మా తలంపు.

2024లో సి ప్రమాణ సంఘము రాబోవు ప్రమాణము కొరకు ఈ నియమమును సడలించి, సున్న పొడవు గల పనులకు నల్ ఇయ్యవచ్చునని అంగీకరించినది. అప్పుడు పాత విశేషణము అబద్ధమైనది. దానిని ఊరక తొలగించినచో, సంఖ్య నిశ్చయముగా సున్న కాని చోటులందు కూడ హెచ్చరికలు పోవును. అందుచేత ‘నాన్‌నల్ ఇఫ్ నాన్‌జీరో’ అను క్రొత్త విశేషణమును చేర్చు ప్యాచ్ వచ్చి, 2025లో 15వ కూర్పుతో వెలువడినది. దీనికి రెండు అంకెలు ఇయ్యవలెను: పాయింటరు ఎన్నవదో, సంఖ్య ఎన్నవదో. ‘సంఖ్య సున్న కానిచో పాయింటరు నల్ కారాదు’ అని దీని భావము. మన వ్యాకరణ పరిభాషలో చెప్పినచో విశేషణమునకు చేదర్థకము తోడైనది.

ఇట్టి ప్యాచ్‌ను పరిశీలించువాడు పంక్తుల చక్కదనము కన్న ముందు అర్థమును అడుగవలెను. ఈ మాట నమ్మి కంపైలరు దేనిని తీసివేయుటకు అధికారము పొందుచున్నది? ఆ ‘ఇఫ్’ను మరచి చదువు భాగము ఎక్కడైన మిగిలియున్నదా? పాత విశేషణమును సంప్రదించు భాగములు పెక్కు కలవు: ప్రోగ్రామును చురుకుపరచు భాగము, హెచ్చరికలు ఇచ్చు భాగము, నడచునపుడు తనిఖీ చేయు భాగము. వీనిలో ఏ ఒక్కటి షరతును విడిచినను పాత ప్రమాదమే తిరిగి వచ్చును.

సంఖ్య విషయమున మూడు స్థితులు కలవు. సున్న యని తెలిసినచో పాయింటరును గూర్చి ఏమియు ఊహింపరాదు. సున్న కాదని తెలిసినచో పాత తర్కము చెల్లును. మూడవది, సంఖ్య ఎంతయో కంపైలరునకు తెలియని స్థితి. సామాన్య ప్రోగ్రాములలో తరచుగా ఎదురగునది ఇదియే. ఇక్కడ చురుకుపరచు భాగము మౌనము వహింపవలెను. నడచునపుడు తనిఖీ చేయు భాగము మాత్రము సంఖ్యను, పాయింటరును రెండింటిని చూచి తీర్పు చెప్పవలెను. విశేషణమును తప్పుగా వాడినవానికి, అనగా మొదటి అంకె పాయింటరును గాక మరి దేనినో చూపినచో, స్పష్టమైన దోషసూచన రావలెను.

పరీక్షా ప్రోగ్రాముల విషయమున మా విద్యార్థియొకడు చక్కని మాట అనెను: ప్యాచ్ వ్రాసినవాడు జరుగవలసినది జరిగినదని చూపును, చదువువాడు జరుగరానిది జరుగలేదని చూపుమని అడుగవలెను. అనగా సంఖ్య తెలియని పిలుపు తరువాతి నల్ పరీక్ష యంత్రభాషలో నిలిచియున్నదని నిరూపించు ఉదాహరణ ఒకటి తప్పక కోరవలెను.

మరియొక సంగతి. మెమ్‌కాపీ ఎట్టిదో చెప్పు ప్రకటన వ్యవస్థలోని హెడరు ఫైళ్లలో ఉండును. అక్కడ పాత ‘నాన్‌నల్’ నిలిచియున్నంత వరకు కంపైలరు దానిని నమ్ముచునే యుండును, ప్యాచ్ చేరినను ప్రయోజనము సగమే. పాత కంపైలర్లు క్రొత్త విశేషణమును గుర్తింపక హెచ్చరికతో విడిచిపెట్టును. కావున హెడరులో దానిని వ్రాయుటకు ముందు కంపైలరునకు అది తెలియునా యని పరీక్షింపవలెను. ప్యాచ్ చదువువాడు కంపైలరు మూలముతో పాటు ఈ ఫైళ్లను గూడ ప్రక్కన తెరచి పెట్టుకొనవలెను.