గిరీశం గారి ట్యూషను – ఒక పరిశీలన

(పూర్వ విద్యార్థి, ఎం.ఏ. తెలుగు)

వింత మాస్టార్ల కథలంటే పిల్లలకు ఎక్కడైనా ఇష్టమే. జపాను దేశంలో ‘గ్రేట్ టీచర్ ఒనిజుకా’ అని ఒక కార్టూన్ సీరియల్ ఉంది. వాళ్ళు దానిని యానిమే అంటారు. తోరు ఫుజిసావా అనే ఆయన 1997 నుంచి 2002 వరకు బొమ్మల కథగా గీసిన దాన్ని 1999–2000లో 43 భాగాలుగా టీవీలో వేశారు. అందులో హీరో వయసు ఇరవై రెండు. మోటారు సైకిళ్ళ మీద గ్యాంగు కట్టి తిరిగిన రౌడీ కుర్రవాడు, ఊరూ పేరూ లేని కాలేజీలో చదివి బడిపంతులు అవుతాడు. హాస్టల్లో తమ్ముళ్ళు కొందరు సెల్‌ఫోన్లో దీన్ని చూసి, “అన్నా, ఇట్లాంటి సారు మనకుంటే ఎట్లుంటుంది?” అని నన్ను అడిగారు.

ఇట్లాంటి సారు మన తెలుగులో నూరేళ్ళకు ముందే ఉన్నాడు. పేరు గిరీశం. గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ నాటకంలో పాత్ర. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించిన ఈ నాటకం 1897లో అచ్చయింది. దాన్ని బాగా పెంచి, దాదాపు కొత్తగా రాసి 1909లో రెండవసారి అచ్చు వేశారు. ఇప్పుడు మనం చదివేది ఆ రెండవ కూర్పునే. 1955లో సినిమాగా తీసినప్పుడు ఎన్.టి.రామారావు గారు గిరీశంగా, సావిత్రి గారు మధురవాణిగా నటించారు. కన్యాశుల్కం అనగానే అందరూ బాల్యవివాహాలు, వేశ్యాసమస్య, వ్యావహారిక భాష అని మొదలుపెడతారు. పరీక్షలో మార్కులు కూడా వాటికే వస్తాయి. నేను మాత్రం గిరీశాన్ని ఒక ఉపాధ్యాయుడిగానే చూస్తాను. ఎందుకంటే నాటకం మొదటి అంకం మొదలయ్యేదే ఒక ట్యూషను ఏర్పాటుతో.

ఆ ఏర్పాటు ఎలా కుదిరిందో చూడండి. గిరీశానికి విజయనగరంలో అప్పులు పెరిగాయి. పూటకూళ్ళమ్మ డబ్బు వాడుకున్నాడు. ఊరు వదలక తప్పని పరిస్థితి. అదే సమయానికి శిష్యుడు వెంకటేశం పరీక్ష తప్పాడు. ఇంటికి పోతే తండ్రి అగ్నిహోత్రావధానులు చేతిలో ఏమవుతుందోనని వాడి భయం. ఒకరికి దాక్కునే చోటు కావాలి, ఇంకొకరికి అడ్డం నిలిచే మనిషి కావాలి. సెలవుల్లో చదువు చెప్పే నెపంతో ఇద్దరూ కలిసి కృష్ణరాయపురం అగ్రహారం చేరుకుంటారు. గురుశిష్య సంబంధానికి ఇంతకన్నా గట్టి పునాది ఇంకెక్కడా కనపడదు!

ఇక పాఠాలు. చుట్ట కాల్చడం ఒక పాఠం. ఉపన్యాసాలు దంచడం ఇంకొక పాఠం. పుస్తకాల పేరు చెప్పి ఇంటినుంచి డబ్బు రాబట్టడం కూడా ఆ చదువులో భాగమే. అసలైన ఘట్టం మాత్రం ఇంగ్లీషుది. వెంకటేశం తల్లి వెంకమ్మకు కొడుకు ఇంగ్లీషులో మాట్లాడితే వినాలని కోరిక. గురుశిష్యులిద్దరూ ఆమె ఎదుట ఇంగ్లీషు సంభాషణ మొదలుపెడతారు. గురువు పసిపిల్లల పద్యం ముక్క ఒకటి అంటాడు. శిష్యుడు రీడరులోని వాక్యం ఒకటి అప్పజెబుతాడు. గురువు ఇంకో పద్యం ఎత్తుకుంటాడు, శిష్యుడు రేఖాగణితంలోకి, అక్కడినుంచి వ్యాకరణ సూత్రంలోకి దూకుతాడు. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం ఉండదు. వెంకమ్మకు మాత్రం కడుపు నిండిపోతుంది.

ఎం.ఏ. మొదటి సంవత్సరంలో ఈ ఘట్టం పాఠంగా వచ్చినప్పుడు క్లాసంతా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. తరువాత గదికి వచ్చి మళ్ళీ చదువుతుంటే ఒక ప్రశ్న తగులుకుంది. నవ్వు ఎవరిమీద? గిరీశం మోసం చేస్తున్నాడు, వెంకటేశం తోడు ఉన్నాడు. మరి వెంకమ్మ చేసిన తప్పేమిటి? తనకు రాని చదువు కొడుక్కు రావాలని కోరుకుంది, అంతే కదా. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. మా అమ్మ నా మార్కుల లిస్టును తలకిందులుగా పట్టుకుని కూడా కళ్ళు తుడుచుకుంది. అందులో ఏముందో నేను చెప్పిందే ఆమెకు తెలుసు. మన హాస్టల్లో ఎంతమంది ఇళ్ళలో పరిస్థితి వేరుగా ఉంటుంది? చెనక్కాయ చేనులో వాన కోసం ఎదురుచూసే నాన్న మాస్టారి ఇంగ్లీషును పరీక్షించలేడు. మన ఇంగ్లీషునూ పరీక్షించలేడు. నమ్మడం ఒక్కటే ఆయన చేయగలిగింది. గిరీశం బతికేది ఆ నమ్మకం మీదనే.

గిరీశాలు నాటకంతోనే అయిపోలేదు. మా ఊరి కుర్రవాడొకడు టౌనులో స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకోవడానికి చేరాడు. వాళ్ళ నాన్న రెండు మేకలు అమ్మి మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టాడు. తెల్లచొక్కా, టై కట్టుకున్న సారు ఇరవై వాక్యాలు బట్టీ పట్టించాడు. నెల తిరిగేసరికి ఆ గదికి తాళం. ఆ ఇరవై వాక్యాలు మాత్రం వాడు ఇంటి దగ్గర చక్కగా అప్పజెప్పాడు. ఇంట్లో అందరూ సంతోషించారు.

ఇప్పుడు ఒనిజుకా దగ్గరకు వద్దాం. నిజం చెప్పాలంటే ఆయనకూ పాఠాలు పెద్దగా రావు. మొదట్లో ఆ ఉద్యోగం మీద మోజు పడిన కారణం కూడా మంచిది కాదు, ఆడపిల్లల చుట్టూ తిరిగే బుద్ధి అది. ఆ సీరియల్లో ఆ తరహా వెకిలి హాస్యం చాలా ఉంది, నాకు నచ్చదు. ఉపప్రధానోపాధ్యాయుడి కారు మాటిమాటికీ నుజ్జునుజ్జు కావడం మాత్రం ఎన్నిసార్లు చూసినా నవ్వొస్తుంది. గిరీశానికీ ఇతనికీ తేడా ఎక్కడుందో ఒక్క కథలో తెలుస్తుంది. ఒక విద్యార్థిని ఇంట్లో డబ్బు పెరిగింది, పెద్ద ఇల్లు వచ్చింది, అమ్మానాన్నలు మాట్లాడుకోవడం మానేశారు. చిన్న ఇంట్లో ఉన్నప్పుడు అందరూ కలిసి తినేవాళ్ళమని ఆ పిల్ల బాధ. ఒనిజుకా పెద్ద సుత్తి భుజాన వేసుకుని వాళ్ళింటికి పోయి ఆ గదుల మధ్య గోడ పగలగొడతాడు. (మన హాస్టల్ హాల్లో అయితే ఆయనకు పని దొరకదు, మనకు గోడలు తక్కువ.) చట్టప్రకారం అది నేరమే. పర్యవసానం ఏమైనా తానే పడాలని తెలిసి చేశాడు. ఒనిజుకా వింత పనులకు ఖర్చు ఒనిజుకాదే. గిరీశం వింత పనులకు ఖర్చు అగ్నిహోత్రావధానులు ఇంటిది.

ఆ ఇంటినుంచి పోయినది డబ్బు మాత్రమే కాదు. వెంకటేశం అక్క బుచ్చమ్మ చిన్నతనంలోనే భర్త పోయిన పిల్ల. మాస్టారి కన్ను ఆమె మీద పడుతుంది. వితంతు వివాహం గురించి ఉపన్యాసాలు విజయనగరంలో పనికొచ్చినదానికంటే ఇక్కడ ఎక్కువ పనికొస్తాయి. ఆమెను లేవదీసుకుపోతాడు. ఇక్కడే గురజాడ గొప్పతనం నాకు కనిపిస్తుంది. గిరీశం చెప్పిన మాట మంచిదే, చెప్పినవాడు మంచివాడు కాదు. వితంతువుకు మళ్ళీ బతుకు ఉందని ఆ ఇంట్లో బుచ్చమ్మతో అన్నవాడు ఈ మోసగాడే. ఆ మాటను ఏం చేయాలి? చివరకు సౌజన్యారావు పంతులు గారు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేసి, గిరీశాన్ని దూరం పెడతారు. అంటే గిరీశం గారి ట్యూషనులో నిజంగా చదువుకు చేరింది వెంకటేశం కాదు, ఫీజు కట్టని బుచ్చమ్మ. ఈ విషయం గైడు పుస్తకాల్లో నాకు కనిపించలేదు.

గురజాడ గారికి మాస్టార్ల సంగతి ఇంత బాగా ఎలా తెలుసని అనుమానం రావచ్చు. ఆయన స్వయంగా పంతులే. 1884లో విజయనగరం మహారాజా వారి హైస్కూల్లో నెలకు 25 రూపాయల జీతంతో చేరారు. బి.ఏ. 1886లో పూర్తయింది. తరువాత అక్కడి కాలేజీలోనే పాఠాలు చెప్పారు. ఆయన స్నేహితుడు గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ళ భాషలోనే బడి పెట్టించారు. అప్పటివాళ్ళకు ఆయన కూడా వింత మాస్టారుగానే కనిపించి ఉంటారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! నాటకం చదివేటప్పుడు విశాఖ, విజయనగరం వైపు యాస మన సీమవాళ్ళకు మొదటి ఇరవై పేజీలు అడ్డం పడుతుంది. కళ్ళతో చదవకండి, నలుగురు కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రను పైకి చదవండి, దానంతట అదే దారికి వస్తుంది. అనంతపురం టౌను లైబ్రరీలో దొరకకపోతే పూర్వ విద్యార్థులలో తెలుగు చదివిన అన్నలను అడగండి, ఎవరి ట్రంకు పెట్టెలోనో ఒకటి ఉంటుంది.

వచ్చే వార్షికోత్సవంలో ఆ ఇంగ్లీషు సంభాషణ ఘట్టం ఒక్కటి వేద్దామని వార్డెన్ గారిని అడగాలనుకుంటున్నాము. పావుగంటకు మించదు. గిరీశం వేషానికి ఇప్పటికే ముగ్గురు పోటీ పడుతున్నారు. వెంకటేశం కూడా దొరికాడు. వెంకమ్మ వేషానికి ఎవరూ ముందుకు రావడం లేదు. వచ్చేవాళ్ళకు ఒక్క మాట: ఆమెను నవ్వు కోసం ఆడవద్దు. గిరీశం, వెంకటేశం మాట్లాడుతున్నంతసేపూ మీ అమ్మ మీ మార్కుల లిస్టు పట్టుకుని చూసినట్టు చూస్తూ నిలబడండి. నవ్వేవాళ్ళు ఎలాగూ నవ్వుతారు.