"ఏం పీకుతావు?" : ఒక మోటు మాట పూర్వోత్తరాలు

కాలేజి సావనీరులో రాయదగిన విషయమేనా ఇది అని సందేహించే పెద్దలకు ముందుగా ఒక మనవి. మన హాస్టలు వరండాలో, క్యాంటీనులో, క్రికెట్ గ్రౌండు పక్కన చెట్టుకింద ఈ మాట రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుందో ఒక్కసారి లెక్కపెట్టండి. ఆ తర్వాత ఈ వ్యాసం చదవాలో వద్దో మీరే తేల్చుకోండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది శిష్టుల వాడుకభాష కోసం. ఈ మాట శిష్టులది కాదు నిజమే. కానీ శిష్టులు వాడనిదీ కాదు, కోపమొచ్చేదాకా ఆగుతారు, అంతే.

ఇంకొక మనవి కూడా. మాది బుచ్చిరెడ్డిపాలెం. రవీంద్రుణ్ణి తెలుగు చేసిన బెజవాడ గోపాలరెడ్డిగారు పుట్టింది కూడా ఆ ఊళ్లోనే. కాబట్టి బుచ్చివాళ్లు ఎప్పుడూ ఇవే మాటలు మాట్లాడుకుంటారని దయచేసి అనుకోవద్దు.

ఈ మాటకు ముఖ్యంగా మూడు రూపాలున్నాయి. "ఏం పీకుతున్నావు?" అంటే పనీపాటా లేకుండా ఉన్నావని ఎత్తిపొడుపు. "ఏం పీకుతావు?" అంటే నన్ను నువ్వేమీ చెయ్యలేవని సవాలు. మా వైపు ఇదే "నువ్వేందిరా పీకేది?" అవుతుంది, ఆ 'ఏందిరా' దగ్గర గొంతు ఒక మెట్టు పైకి లేస్తుంది. మూడోది సవాలును విప్పి చెప్పే రూపం: "నా వెంట్రుక కూడా పీకలేవు." ఇక్కడ వెంట్రుక అని రాశాను గాని, రోడ్డుమీద వినిపించేది 'బొచ్చు' అని మీకందరికీ తెలుసు. ఏ రూపం చూసినా ప్రశ్నో వ్యతిరేకార్థమో తప్ప, సూటిగా అవునని చెప్పేది ఒక్కటీ లేదు. "నేను ఫలానావాడి వెంట్రుక పీకాను" అని గొప్పలు చెప్పుకున్నవాణ్ణి ఎవరైనా చూశారా? "ఆ, పీకావులే!" అన్నామంటే అదీ వెటకారమే.

ఈ మాట పుట్టుక తెలియాలంటే ముందు క్రియను పట్టుకోవాలి. 'పీకు' అనేది మంచి పాతకాలపు పనిమంతురాలైన క్రియ. పన్ను పీకుతాం, మేకు పీకుతాం, పెళ్లయ్యాక పందిరి పీకుతాం. ఉద్యోగం పీకేస్తారు, బిల్లు కట్టకపోతే కరెంటు పీకేస్తారు. నడిచి నడిచి కాళ్లు పీకుతాయి. మాట వినని కుర్రాడికి లెంపకాయ ఒకటి పీకుతారు. మనబోటి విద్యార్థులకు మాస్టార్లు 'క్లాసు పీకుతారు', పాఠం చెప్పడానికీ క్లాసు పీకడానికీ ఉన్న తేడా విద్యార్థులకు ఒకరు చెప్పక్కర్లేదు.

వీటన్నిటికంటే ముందు మా ప్రాంతంలో పీకడమంటే వ్యవసాయం. సంగం ఆనకట్ట నుంచి వచ్చే పెన్న నీళ్లు మా ఊరి దగ్గర కనిగిరి జలాశయంలో నిలిచి కాలవల వెంట పొలాలకు పారుతాయి. నారుమడిలో నారు పీకి, కట్టలు కట్టి, దమ్ముచేసిన మడిలోకి విసిరితే నాట్లు పడతాయి. ఆ తర్వాత కలుపు. తుంగ, ఊద వేళ్లతో సహా పీకాలి, తెగితే మళ్లీ మొలుస్తుంది. వంగిన నడుం ఎత్తకుండా చేసే పని అది, చేసినవాళ్లకే తెలుస్తుంది.

మడిలో వంగి ఉన్న మనిషిని "ఏం పీకుతున్నావు?" అని అడగండి. "నారు" అంటాడు, లేదా "తుంగ" అంటాడు. అది అచ్చమైన ప్రశ్న, అందులో తప్పేమీ లేదు. అదే ప్రశ్న గట్టుమీద కాళ్లు చాపుకుని కూర్చున్నవాణ్ణి అడిగితే తిట్టవుతుంది. ఎందుకని? వ్యాకరణం క్లాసులో సకర్మక క్రియ అని చదువుకున్నాం గుర్తుందా? ఆ క్రియకు ఒక కర్మ కావాలి, పీకడానికి ఏదో ఒకటి ఉండాలి. గట్టుమీద కూర్చున్నవాడి చేతిలో నారూ లేదు, కలుపూ లేదు. అక్కడొక ఖాళీ మిగిలిపోతుంది. ఆ ఖాళీని వినేవాడే నింపుకోవాలి. మర్యాదగా నింపితే గడ్డి, అందుకే "గడ్డి పీకుతున్నావా?" అని పెద్దవాళ్లు కూడా నిస్సంకోచంగా అంటారు. "గాడిదలు కాస్తున్నావా?" అన్నది దానికి చుట్టమే. కొంచెం తేలిక చేస్తే ఈకలు. ఇంకా కిందికి దిగితే బొచ్చు. ఎక్కడి బొచ్చు అన్నది ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. బూతంతా ఆ చెప్పనిదాంట్లో ఉంది. పైకి పలికిన మాటల్లో బూతు మాట ఒక్కటీ లేదు. పొలం పనిలోంచి పుట్టిన మాట, చేతిలో పని లేనివాడి మీద తిట్టుగా మారిందని నా అభిప్రాయం.

ఇక నామవాచకం సంగతి. బొచ్చు అన్నది పుట్టుకతో చెడ్డమాట కాదు. పిల్లికి బొచ్చుంటుంది, బొచ్చుకుక్కను ముద్దుచేస్తాం. మనిషికి అంటగడితేనే కోపం, ఎందుకంటే అది జంతువుకు వాడే మాట. పైగా దేనికీ పనికిరానిది. మా నెల్లూరు జాతి గొర్రెనే తీసుకోండి. దక్కనీ గొర్రెకు కత్తిరిస్తే ఉన్ని వస్తుంది, కంబళి నేస్తారు. నెల్లూరు గొర్రె ఒంటిమీద ఉండేవి ఉత్త పొట్టి వెంట్రుకలు. దాన్ని మాంసానికే పెంచుతారు. దాని బొచ్చు పీకితే ఒరిగేదేమీ లేదు. ఈ నానుడి మా జిల్లాలోనే పుట్టిందని వాదించడానికి నా దగ్గర ఉన్న ఆధారం ఇదొక్కటే, దీంతో డాక్టరేటు ఎవరూ ఇవ్వరని తెలుసు.

వెంట్రుక విలువలేనిదన్న లెక్క మన సామెతల్లోనే ఉంది. వెంట్రుకతో కొండను లాగమన్నారు, వస్తే కొండ, పోతే వెంట్రుక. ప్రమాదం తప్పితే వెంట్రుకవాసిలో తప్పిందంటాం. అంటే కొలతల్లో అతి చిన్నది, ధరల్లో అతి చవకది. "నా దగ్గర అన్నిటికంటే చవకైనది ఇది, దీన్నే నువ్వు కదిలించలేవు, ఇంక నన్నేం చేస్తావు?" అన్నదే ఆ సవాలులోని తర్కం.

ఈ తర్కం మనకొక్కరికే దొరికింది కాదు. హిందీలో 'బాల్ భీ బాంకా' కాదంటారు, వెంట్రుక వంకర కూడా పోదని. అది మర్యాదస్తుల మాటే, అమ్మమ్మలు కూడా దీవెనగా అంటారు. తల వెంట్రుకల్లో ఒక్కటి కూడా పోదని క్రీస్తు శిష్యులకు ధైర్యం చెప్పినట్టు లూకా సువార్తలో ఉంది. 2022 దాకా మా జిల్లాకు దక్షిణపు కొసగా ఉండిన తడ దాటితే తమిళం. అక్కడ 'మయిర్' అన్న మాటను ఒక్క విసురు విసిరితే చాలు, క్రియతో పనే లేదు, తగువు మొదలవుతుంది. అయితే ఈ మాటే తిరుక్కురళ్‌లో 'మానం' అనే 97వ అధికారంలో రెండుచోట్ల కనిపిస్తుంది. ఒకచోట తల నుంచి రాలిన వెంట్రుకను స్థానం నుంచి జారినవాడితో పోల్చారు. ఇంకొకచోట వెంట్రుక పోతే బతకని కవరి మృగాన్ని మానధనుడితో పోల్చారు. పరువు గురించి చెప్పడానికి వళ్లువర్‌కు దొరికిన ఉపమానమే ఇవాళ మద్రాసు వీధుల్లో బూతు.

వెంట్రుక నిజంగా అంత చవకా? వళ్లువర్ పోలికలో ఉన్న కిటుకు అక్కడే ఉంది. రాలితే చవక, తలమీద ఉన్నంతసేపూ మానం. మా నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉండి భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కనగారికి ఈ సంగతి బాగా తెలుసు. ఉద్యోగపర్వంలో రాయబారానికి బయల్దేరబోయే కృష్ణుడికి ద్రౌపది చూపించింది తన వెంట్రుకలనే. సభలో దుశ్శాసనుడు పట్టి ఈడ్చినవి అవి. రాజ్యం పోయిన సంగతి ధర్మరాజు మాట్లాడుకుంటాడు, ఆమెకు జుట్టు చాలు. భాగవతంలో కృష్ణుడు రుక్మిని చంపకుండా తలా మీసమూ గొరిగి వదిలేస్తే, బంధువును అలా చెయ్యడం చంపడంతో సమానమని బలరాముడే మందలిస్తాడు.

ఇష్టపడి ఇస్తే భక్తి. పుట్టువెంట్రుకలు తీయించడానికి జొన్నవాడకో, పెంచలకోనకో, తిరుమలకో వెళతాం, అప్పుడు వాటిని బొచ్చనీ వెంట్రుకలనీ అనం, తలనీలాలంటాం. జైన సన్యాసులైతే తమ తలవెంట్రుకలు తామే చేత్తో పీకేసుకుంటారు, అదొక వ్రతం. అదే పని ఇంకొకడు బలవంతాన చేస్తే మనిషిని నిలువునా కూల్చినట్టు.

పురాణాల దాకా ఎందుకు? 1996 డిసెంబర్ 29న తూర్పుగోదావరి జిల్లా రామచంద్రపురం దగ్గర వెంకటాయపాలెంలో ఇద్దరు దళిత యువకులకు గుండు గొరిగించారు. కనుబొమ్మలు కూడా వదల్లేదు. ఆ కేసులో విశాఖపట్నం కోర్టు నిందితులకు 18 నెలల జైలుశిక్ష వేసింది 2024 ఏప్రిల్‌లో, అంటే ఇరవయ్యేడేళ్లు దాటిన తర్వాత. ఈలోగా 2020 జూలైలో అదే జిల్లా సీతానగరం పోలీసుస్టేషనులో మరో దళిత యువకుడికి శిరోముండనం జరిగింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు, బలవంతంగా గుండు గీయడాన్నీ మీసం తీయించడాన్నీ పేరుపెట్టి మరీ నేరాల జాబితాలో చేర్చారు. చట్టం రాసేవాళ్లు ఊరికే రాయరు, జరుగుతున్నాయి గనుక రాస్తారు.

ఇప్పుడు మన నానుడి దగ్గరికి మళ్లీ రండి. "నా వెంట్రుక కూడా పీకలేవు" అనగలగడం అందరికీ ఉన్న సౌకర్యం కాదు. వెంకటాయపాలెంలో ఆ యువకులు ఆ మాట అనగలిగేవాళ్లా? అన్నా, అది నిజమయ్యేదా? మాటలు ఒకటే, ఎవరు ఎవరితో అన్నారన్నదాన్నిబట్టి దాని బరువు మారుతుంది. భూస్వామి కూలివాణ్ణి "ఏం పీకుతావురా?" అంటే అతనికి అయ్యే ఖర్చేమీ లేదు. కూలివాడు అదే మాట తిప్పి అంటే మర్నాటి కూలి పోతుంది. మా పక్కనే కోవూరు తాలూకా అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్యగారు 1930లలో వ్యవసాయకూలీలను కూడగట్టడం మొదలుపెట్టారు. పెద్ద భూస్వామి కుటుంబంలో పుట్టిన మనిషి ఆయన. పదిమంది వెనక నిలబడితే తప్ప ఆ మాట కూలివాడి నోట రాదు. ఒంటరిగా ఉన్నవాడు దాన్ని మనసులోనే అనుకుంటాడు, లేకపోతే సారాకొట్టు దగ్గర అనేవాడు.

పైనున్నవాళ్ల నోట ఈ మాట ఎలా ఉంటుందో రాష్ట్రమంతా ఒకసారి వింది. 2022 ఏప్రిల్ 8న నంద్యాలలో, విద్యార్థుల హాస్టలు ఖర్చులకిచ్చే జగనన్న వసతి దీవెన సభలో, అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డిగారు ప్రత్యర్థుల గురించి చెబుతూ తన వెంట్రుక కూడా ఎవరూ పీకలేరన్నారు. పార్టీల గొడవ ఈ వ్యాసానికి అక్కర్లేదు. భాష చదువుకునేవాళ్లం కాబట్టి రెండు విషయాలు గమనిస్తే చాలు. ఒకటి, బొచ్చు స్థానంలో వెంట్రుక వచ్చింది. మైకు ముందుకు రాగానే మోటుమాట కూడా చొక్కా మార్చుకుంటుంది. రెండోది, చేతిలో అధికారమంతా ఉన్న కుర్చీ నుంచి వచ్చినప్పుడు అది సవాలుగా కంటే హామీలాగా వినిపిస్తుంది, అనేవాడు పెట్టే పందెం ఏమీ ఉండదు గనుక. విన్నది విద్యార్థులు. ఆ రాత్రి హాస్టళ్లలో ఆ వాక్యం ఎన్ని గొంతుల్లో, ఎన్ని యాసల్లో పలికి ఉంటుందో ఊహించుకోవచ్చు.

కర్మ మారుతున్నకొద్దీ ఈ నానుడి కూడా నెమ్మదిగా శుభ్రపడుతోంది. బొచ్చు వెంట్రుకైంది, వెంట్రుక ఈకైంది, చివరికి ఏమీ మిగల్లేదు, ఉత్త 'పీకడం' మిగిలింది. అందుకే ఆడపిల్లల హాస్టల్లో కూడా "ఏం పీకుతున్నావే?" అని ఏ జంకూ లేకుండా వినిపిస్తుంది, అన్న అమ్మాయికీ విన్న అమ్మాయికీ అందులో బూతున్న సంగతే తట్టదు. మా ఊళ్లో సెలవలకు ఇంటికొచ్చిన కొడుకు పొద్దెక్కేదాకా పడుకుంటే, వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, పొలానికి అన్నం కట్టి పంపిన తల్లి గుమ్మంలో నిలబడి అడుగుతుంది: "ఏందిరా, పదైనా మంచం దిగకుండా ఏం పీకుతుండావు?" కొడుకు నొచ్చుకోడు. "నిద్ర" అని చెప్పి అటు తిరిగి పడుకుంటాడు.