కంటికి కనిపించని నూనె: ఏ లేన్‌కు ఏ బౌలింగ్ బంతి?

మన సహోద్యోగుల్లో చాలామంది ఒక్కసారైనా బౌలింగ్ సెంటర్‌కు వెళ్లే ఉంటారు. టార్గెట్ పూర్తయిన ఆనందంలోనో, ఎవరిదో ప్రమోషన్ పార్టీకో, పిల్లల పుట్టినరోజుకో. అద్దె బూట్లు తొడుక్కుని, వేళ్లు పట్టిన బంతి ఏదో తీసుకుని, పది పిన్‌ల మీదికి దొర్లించి, సగం బంతులు గట్టర్‌లోకి పోతే నవ్వుకుని ఇంటికొస్తాం. నేనూ అలాగే మొదలుపెట్టాను. మూడేళ్ల క్రితం బెంగళూరుకు బదిలీ అయ్యాక పదో తరగతి చదివే మా అమ్మాయికి ఈ ఆట పట్టుకుంది. శని, ఆదివారాలు ఆమెను తీసుకెళ్లీ తీసుకెళ్లీ నాకూ పట్టుకుంది.

ఏడాది తిరిగేసరికి ఆమె జూనియర్ సెలక్షన్ పోటీల దాకా వచ్చింది. తండ్రిగా నా వంతు సాయం చేద్దామని దొరికిన వాటిలో బాగా ఖరీదైన బంతి ఒకటి తెప్పించాను. ఆ బంతితోనే ఆమె సెలక్షన్ పోయింది. బంతిలో లోపం లేదు, అమ్మాయి చేతిలోనూ లోపం లేదు. లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. అప్పుడు చదివినదీ, లేన్ మీద వేసి చూసినదీ ఇక్కడ రాస్తున్నాను.

లేన్ మీద ఏముంది?

ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ వరకు లేన్ పొడవు 60 అడుగులు. వెడల్పు సుమారు 42 అంగుళాలు. ఆ వెడల్పును 39 సన్నని బోర్డులుగా లెక్కిస్తారు. నిజంగా చెక్కతో చేసిన రోజుల్లో అవి విడివిడి చెక్కలే. ఇప్పుడు చాలాచోట్ల సింథటిక్ లేన్‌లు వచ్చినా గీతలూ లెక్కా అలాగే ఉన్నాయి. కుడిచేతి ఆటగాళ్లు కుడి గట్టర్ నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటారు.

ఈ లేన్ మీద నూనె ఉంటుంది. ఆటకు కీలకం అదే, కానీ నిలబడి చూస్తే అది కనపడదు. పూర్వం చెక్క పాడవకుండా పూసేవారు. కాలక్రమంలో ఆ రక్షణ పూతే ఆటలో ప్రశ్నపత్రం అయిపోయింది. ఒక యంత్రం లేన్ మీద నడుచుకుంటూ వెళ్లి, మొదటి 32 నుంచి 45 అడుగుల వరకు, ఏ నమూనా అయితే అంత దూరం, నూనె పరుస్తుంది. అంతా కలిపి 20, 30 మిల్లీలీటర్లు. మన ఇంట్లో పోపుకు పడేంత. మిగతా భాగం పొడిగా వదిలేస్తారు.

నూనె ఉన్నచోట బంతికీ లేన్‌కూ మధ్య ఘర్షణ గుణకం సుమారు 0.04. పొడిగా ఉన్నచోట 0.2 దరిదాపుల్లో ఉంటుంది. అంటే అయిదు రెట్లు. పక్కకు తిప్పి వదిలిన బంతి నూనె మీద తిరుగుతూనే జారిపోతుంది. పొడి భాగం తగలగానే పట్టు దొరికి పక్కకు మళ్లుతుంది. దాన్నే హుక్ అంటారు. ఆ తర్వాత తిరుగుడూ వేగమూ ఒకటై దొర్లడం మొదలవుతుంది. జారడం, మళ్లడం, దొర్లడం. బంతి పనితనం గురించి ఎవరు ఏం చెప్పినా ఈ మూడూ ఎక్కడెక్కడ మొదలవుతాయన్నదే అసలు సంగతి.

హుక్ ఎందుకంటారా? నేరుగా వేయకూడదా అని నేనూ అడిగాను. కుడిచేతి వాళ్లు కొట్టాల్సింది ఒకటో పిన్‌కూ మూడో పిన్‌కూ మధ్య ఉన్న పాకెట్‌ను. అది కుడి నుంచి పదిహేడున్నరో బోర్డు దగ్గర ఉంటుంది. గట్టర్ అంచు నుంచి నేరుగా వేసినా 60 అడుగుల దూరంలో బంతి పక్కకు జరిగేది పదిహేడు అంగుళాల లోపే. లెక్క కడితే ఒకటిన్నర డిగ్రీకి మించదు. స్ట్రైక్ పడే అవకాశాలు బాగా పెరగాలంటే ఆరు డిగ్రీల దరిదాపు కోణంలో బంతి పాకెట్‌లోకి దూరాలి. మళ్లకుండా ఆ కోణం రాదు.

బంతి పైపొర కథ

తొలినాళ్లలో బంతులు లిగ్నం వైటీ అనే గట్టి కలపతో చేసేవారు. 1905లో రబ్బరు బంతి వచ్చింది. తర్వాత ప్లాస్టిక్, అంటే పాలిఎస్టర్. 1980ల మొదట్లో యురేథేన్, 1990ల మొదట్లో రియాక్టివ్ రెజిన్. సెంటర్‌లో అద్దెకిచ్చే రంగురంగుల బంతులు పాలిఎస్టర్‌వి. నున్నగా ఉంటాయి, నూనె ఉన్నా లేకపోయినా దాదాపు నేరుగా పోతాయి. పదిమంది పదిరకాలుగా వాడే చోట అలాంటి బంతే మేలు. పోటీ ఆటగాళ్లు కూడా మూలన ఒంటరిగా మిగిలిన పిన్‌ను కొట్టడానికి సంచిలో ఒక ప్లాస్టిక్ బంతి ఉంచుకుంటారు.

యురేథేన్ బంతికి పట్టు ఎక్కువ. కానీ నూనెను పెద్దగా పీల్చదు. విల్లులా మెత్తగా, ఊహించినట్టే వంగుతుంది. నూనె తక్కువ దూరం పరిచిన లేన్‌లమీద దానికి తిరుగులేదు. రియాక్టివ్ రెజిన్ పైపొరలో సూక్ష్మ రంధ్రాలు ఉంటాయి. నూనెను పీల్చుకుంటుంది కాబట్టి నూనె మీద కూడా కొంత పట్టు దొరుకుతుంది, పొడి తగలగానే గట్టిగా మళ్లుతుంది. వీటిలో మళ్లీ రకాలున్నాయి. మాసినట్టు కనిపించే సాలిడ్ బంతులు ముందే పట్టు అందుకుంటాయి, నూనె బాగా ఉన్న లేన్‌కు అవి సరి. మెరుగు పెట్టిన పెర్ల్ బంతులు చాలా దూరం జారి చివర్లో ఠక్కున తిరుగుతాయి. నడుమ హైబ్రిడ్‌లు ఉన్నాయి.

బంతి పెట్టె మీద కోర్ గురించిన అంకెలు ఘనంగా ముద్రిస్తారు. కోర్ అంటే లోపల ఉండే బరువు ముద్ద. ఆ అంకెలకు హద్దులున్నాయి. ఆర్‌జీ 2.46 నుంచి 2.80 వరకే, డిఫరెన్షియల్ 0.060 మించకూడదు. ఎంబీఏ చదివిన బుర్ర కదా, నేను కొనేటప్పుడు పట్టిక వేసి పోల్చింది ఈ అంకెలనే. అమెరికా బౌలింగ్ కాంగ్రెస్ బంతి నడకపై చేసిన పరిశీలనలో కోర్ కంటే పైపొర మీది సూక్ష్మమైన గరుకుతనమే ఎక్కువ ప్రభావం చూపుతుందని తేలిందన్న సంగతి నాకు తర్వాత తెలిసింది. ఒకే బంతిని 500 నంబరు అబ్రసివ్ ప్యాడ్‌తో రుద్దితే ఒక బంతి, 4000 నంబరుతో నున్నగా చేస్తే ఇంకో బంతి.

1973లో డాన్ మెక్యూన్ అనే అమెరికన్ ఆటగాడు ప్లాస్టిక్ బంతిని రసాయన ద్రావకంలో నానబెట్టి పైపొర మెత్తబడేలా చేశాడు. ఆ ఏడాది ప్రొఫెషనల్ టూర్‌లో ఆరు టైటిళ్లు గెలిచి ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. పైపొర గట్టిదనానికి కనీస పరిమితి పెట్టే నియమాలు ఆ తర్వాతే వచ్చాయి. నిబంధనల పుస్తకంలో కొత్త సర్క్యులర్ ఎందుకు చేరుతుందో మనవాళ్లకు వేరే చెప్పాలా?

ఆ రోజు ఏం జరిగింది

కొత్త బంతి మాసిన రంగు సాలిడ్ రియాక్టివ్. మేం ప్రాక్టీసు చేసేది సాయంత్రం, అప్పుడే నూనె పరిచిన లేన్ మీద. నూనె దండిగా ఉన్నప్పుడు ఆ బంతి అద్భుతంగా పనిచేసింది. పైగా సెంటర్‌లో వేసేది సాధారణ నమూనా. మధ్యలో నూనె ఎక్కువ, అంచుల్లో బాగా తక్కువ. గురి కాస్త కుడికి తప్పితే పొడి అంచు బంతిని వెనక్కి తెస్తుంది, ఎడమకు తప్పితే మధ్యలో నూనె దాన్ని పట్టి ఉంచుతుంది. మన తప్పును లేనే దిద్దుతుంది. పోటీల్లో వాడే స్పోర్ట్ నమూనాల్లో ఆ తేడా మూడు రెట్లకు మించదు. అక్కడ తప్పు తప్పుగానే మిగులుతుంది.

సెలక్షన్ రోజు మా అమ్మాయి బృందానికి మధ్యాహ్నం వంతు. నూనె ఉదయం పరిచారు, ఉదయం బృందం దాని మీదే ఆడేసింది. మొదటి గేమ్ బాగానే వచ్చింది. రెండో గేమ్ సగంలో బంతి ముందే మళ్లడం మొదలుపెట్టింది. మొదటి పిన్ ముక్కు మీద కొట్టి, విడివిడిగా పిన్‌లు మిగిల్చేది. ఆమె నా దగ్గరకు వచ్చి "నాన్నా, ఇది ముందే తిరిగిపోతోంది. పాత బంతి తీసుకోనా?" అంది.

సంచిలో ఆమె పాత పెర్ల్ బంతి ఉంది. నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "అంత డబ్బు పోసి కొన్నది దేనికమ్మా? రెండు బోర్డులు ఎడమకు జరిగి వెయ్యి."

జరిగింది. ఇంకో గేమ్ గడిచింది. మళ్లీ జరిగింది. మధ్యలో ఉన్న నూనె కూడా బంతులు పీల్చేయడంతో అక్కడా అదే కథ. ముందే మళ్లిన బంతి ముందే దొర్లడం మొదలుపెడుతుంది. పిన్‌ల దగ్గరికి చేరేసరికి దానిలో మళ్లే శక్తి మిగలదు. పాకెట్‌లో తగిలినా పక్కకు తొలగిపోయి అయిదో పిన్నో పదో పిన్నో నిలబడిపోతుంది. ఆరు గేమ్‌లు అయ్యేసరికి ఆమె పేరు జాబితాలో చాలా కిందికి పోయింది. కారులో ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

సంక్ కాస్ట్ గురించి నేను ట్రైనింగ్ సెంటర్‌లో కొత్త ఆఫీసర్లకు క్లాసు చెప్పాను. పెట్టిన డబ్బు పోయిందని ఒప్పుకోలేక అదే ఖాతాకు మళ్లీ పరిమితి పెంచే శాఖల ఉదాహరణ కూడా ఇచ్చాను. సరే.

మేం వేసి చూసిన పరీక్ష

మేం ఆడే సెంటర్‌లో నూనె యంత్రం నడిపే పెద్దాయన హిందూపురం వైపు మనిషి. తెలుగు వినేసరికి ఆయనకూ సంతోషం. నా గోడు విని "సార్, బంతిని చూస్తే ఏం తెలుస్తుంది? బంతి మీద గీతలు చూడండి" అన్నాడు. వేసిన బంతి తిరిగి వచ్చాక తుడవకుండా చూస్తే దాని మీద నూనె వలయాలు కనిపిస్తాయి. తాజా లేన్ మీద అవి తడిగా, స్పష్టంగా ఉన్నాయి. మూడు గేమ్‌లు ఆడాక అదే గీత మీద వేస్తే సన్నగా, మసకగా వచ్చాయి. లేన్ మీది నూనె కళ్లకు కనపడదు కానీ బంతి దాని సంగతి ఇలా చెబుతుంది.

ఒక వారం సాయంత్రం కొత్తగా నూనె వేశాక మూడు బంతులతో మొదలుపెట్టాం. కొత్త సాలిడ్, పాత పెర్ల్, ఒక స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన యురేథేన్. ఒకే గీత, ఒకే వేగం, ఒక్కోటి మూడేసి సార్లు. అమ్మాయి వేస్తుంటే నేను పుస్తకంలో రాశాను. తాజా లేన్ మీద సాలిడ్ పాకెట్‌లోకి హాయిగా వెళ్లింది. పెర్ల్ చాలాసేపు జారి కుడివైపే ఉండిపోయింది. యురేథేన్ మధ్యస్థం. తర్వాత నాలుగు గేమ్‌లు ఆడి మళ్లీ అదే వరుసలో వేశాం. ఈసారి సాలిడ్ ముక్కు మీదికి వెళ్లిపోయింది, పెర్ల్ పాకెట్‌లో పడింది. మొదటిసారి పనికిరాదని పక్కన పెట్టిన బంతే ఇప్పుడు ఆడదగ్గ బంతి అయింది.

యురేథేన్ మాత్రం మమ్మల్ని ఇంకోలా ఇబ్బంది పెట్టింది. నూనెను పీల్చదు కాబట్టి ముందుకు మోసుకెళ్లి పొడిగా ఉండాల్సిన చోట కొంచెం కొంచెం వదిలేస్తుంది. పక్క లేన్ జట్టు అంతా అలాంటి బంతులు వేస్తే మనకు ముందు భాగం ఆరిపోయి, వెనక భాగం జారుడుగా మారుతుంది. అప్పుడు బంతి ముందే ఊపు చూపించి, చివర్లో తిరగాల్సిన చోట తిరగదు. అందుకే పోటీలో పక్కవాళ్లు ఏ బంతి వేస్తున్నారో చూసుకోవాలని ఆ పెద్దాయన చెప్పాడు.

మరో చిట్కా కూడా ఆయనదే, తర్వాత చదివితే అది పేరున్న లెక్కే అని తెలిసింది. నూనె ఎన్ని అడుగులు పరిచారో అందులోంచి 31 తీసేయాలి. 42 అడుగులైతే 11. నూనె దాటేచోట బంతి కుడి నుంచి పదకొండో బోర్డు దగ్గర ఉండేలా చూసుకోవాలి. 35 అడుగులైతే నాలుగో బోర్డు, అంటే గట్టర్ పక్కనే. ఇది మొదటి ఊహ మాత్రమే. ఆపై బంతి ఏం చేస్తుందో చూసి మార్చుకోవాలి. పోటీలో నమూనా పొడవు ముందే చెబితే దాన్ని రాసుకోవడం మర్చిపోవద్దు.

ఇంకొక్క మాట. పోటీ మొదలయ్యాక బంతి పైభాగాన్ని రుద్ది గరుకుతనం మార్చడం నిషేధం. అందుకే ఒకే గొప్ప బంతికి పెట్టే డబ్బుతో సాధారణమైనవి మూడు వేర్వేరు రకాలు కొనడం మేలని నా అభిప్రాయం. మాసిన సాలిడ్ ఒకటి, మెరిసే పెర్ల్ ఒకటి, స్పేర్‌కు ప్లాస్టిక్ ఒకటి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు యురేథేన్ తొందర లేదు. రియాక్టివ్ బంతి పీల్చిన నూనెను ఆట అయ్యాక వెంటనే తుడవాలి, అప్పుడప్పుడు లోపలిది బయటకు తీయించాలి. లేకపోతే ఏడాదిలో అది మందగిస్తుంది. ఖరీదైన బంతికీ ఈ నియమం తప్పదు.

ఈ ఏడాది సెలక్షన్‌కు మళ్లీ వెళ్లాం. మూడో గేమ్ మధ్యలో అమ్మాయి వేసిన బంతి తిరిగి రాగానే తుడవకుండా పైకెత్తి ఒకసారి చూసింది. తర్వాత నా వైపు చూడకుండానే దాన్ని రాక్ మీద వదిలేసి పెర్ల్ అందుకుంది. నేను వెనక కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నాను. రెండో రిజర్వ్‌గా పేరు వచ్చింది.