నేర్పే ముందు వాళ్ల చిట్టా చూడండి

ట్రైనర్ ఉద్యోగం ఇంటర్వ్యూల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మీ బ్యాచ్‌లో రకరకాల లెర్నింగ్ స్టైల్స్ ఉన్నవాళ్లు ఉంటారు కదా, అందరినీ ఎలా హ్యాండిల్ చేస్తారు?" చాలామంది బట్టీ పట్టిన జవాబు అప్పజెబుతారు: చూసి నేర్చుకునేవాళ్లకు స్లైడ్లు, విని నేర్చుకునేవాళ్లకు వివరణ, చేసి నేర్చుకునేవాళ్లకు యాక్టివిటీ. ప్యానెల్ తలాడిస్తుంది, ఉద్యోగం కూడా రావచ్చు. చిక్కల్లా ఆ జవాబునే నమ్ముకుని క్లాసులోకి వెళ్లినప్పుడు మొదలవుతుంది.

పెద్దవాళ్లకు నేర్పే పని ఇవాళ చాలా చోట్ల ఉంది. స్కిల్ సెంటర్లు, ఐటీఐలు, బ్యాంకులు, ఆస్పత్రులు, కంపెనీల్లో శిక్షణ చూసే ఎల్ అండ్ డీ విభాగాలు, మహిళా సంఘాల సమాఖ్యలు, వ్యవసాయ శాఖ, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల సాయంత్రం బ్యాచ్‌లు. చేతిలో ఒక పని ఉండి, నలుగురికీ అర్థమయ్యేలా చెప్పగలిగితే ఇది మంచి దారే. కానీ ఎదుట కూర్చునేవాళ్లు పిల్లలు కారు. వాళ్లకు ఇల్లు, అప్పు, అనుభవం, పరువు అన్నీ ఉంటాయి. వాళ్లు ఎలా నేర్చుకుంటారో తెలియకుండా ఈ రంగంలో ఎక్కువకాలం నిలవలేరు.

లెర్నింగ్ స్టైల్స్ మాట ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం చూద్దాం. మన దగ్గర ట్రైనర్లందరి నోటా వినిపించే వార్క్ పద్ధతిని న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ రూపొందించాడు. కొలీన్ మిల్స్‌తో కలిసి 1992లో దానిమీద వ్యాసం ప్రచురించాడు. చూడటం, వినడం, చదవడం-రాయడం, చేయడం అని నాలుగు ఇష్టాలు అందులో ఉన్నాయి. అంతకుముందే బ్రిటన్‌లో హనీ, మమ్‌ఫోర్డ్‌లు మరో నాలుగు రకాలు చెప్పారు. అమెరికాలో డేవిడ్ కోల్బ్ తనదైన నాలుగు గళ్ల పట్టిక వేశాడు. ఇలాంటివి ఎన్ని పుట్టుకొచ్చాయంటే, 2004లో బ్రిటన్‌లో ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం లెక్క తీస్తే 71 తేలాయి.

మరి ఇవి పనిచేస్తాయా? మనుషులకు ఇష్టాలుంటాయన్నది నిజం. ఒకరికి వీడియో నచ్చుతుంది, ఒకరికి కాగితం నచ్చుతుంది. అయితే నచ్చిన పద్ధతిలో చెబితే ఎక్కువ వస్తుందా అన్నది వేరే ప్రశ్న. దాన్ని తేల్చాలంటే ముందు జనాన్ని స్టైల్ ప్రకారం విడదీయాలి, ఆ తర్వాత ఒక్కో గుంపులో కొందరికి నచ్చిన పద్ధతిలో, కొందరికి నచ్చని పద్ధతిలో నేర్పాలి, చివర్లో అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఉన్న పరిశోధనలన్నీ జల్లెడ పడితే, ఇంత పకడ్బందీగా జరిగినవే బహు కొద్ది. వాటిలోనూ కొన్ని ఈ సిద్ధాంతానికి ఎదురే తిరిగాయి. స్టైల్‌ను బట్టి బోధన మార్చడానికి తగిన ఆధారం లేదని వాళ్లు తేల్చారు. ట్రైనింగ్ పరిశ్రమకు మాత్రం ఆ సంగతి ఇంకా పూర్తిగా చేరలేదు.

సాధారణ బుద్ధితో ఆలోచించినా సంగతి బోధపడుతుంది. ఇంజెక్షన్ వేయడం ఎవరికైనా చేసి నేర్చుకునే పనే, ఇంగ్లిష్ ఉచ్చారణ ఎవరికైనా విని నేర్చుకునేదే. పద్ధతిని తేల్చేది మనిషి రకం కంటే విషయమే. పైగా ఈ ముద్రలు హాని కూడా చేస్తాయి. "నేను వినే టైపు సార్, మాన్యువల్ చదవడం నా వల్ల కాదు" అని తప్పించుకునే ఉద్యోగికి ఆ మాట నేర్పింది మనలాంటి ట్రైనర్లే.

అసలు చూడాల్సింది ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక ఊళ్లో ఎరువుల దుకాణంలో పాతికేళ్లుగా పద్దులు రాస్తున్న గుమాస్తా లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి వచ్చాడనుకోండి. చుట్టూ బీకాం ముగించిన కుర్రకారు. మౌస్ ఎలా పట్టుకోవాలో అందరి ముందూ ఆయనకు చూపించారంటే తల కొట్టేసినట్టవుతుంది, మర్నాడు రాడు. నిజానికి ఆ గదిలో లెక్కలు ఒంటబట్టినవాడు ఆయనొక్కడే. యజమాని గల్లాపెట్టెలోంచి ఇంటి ఖర్చుకని తీసుకున్న రెండు వేలను పిల్లలు నిశ్చింతగా దుకాణం ఖర్చు కింద కొట్టేస్తారు. ఆయన మాత్రం "అది సొంతవాడకం ఖాతాకు పోవాలమ్మా" అంటాడు.

ఆయన ఇరుక్కునేది వేరేచోట. ఎఫ్5 నొక్కి, పేమెంట్ వోచర్ నింపి, ఎంటర్ మీద ఎంటర్ కొట్టి సేవ్ చేశాక ఆగిపోతాడు. "సరే బాబూ, మరి ఆవర్జాలోకి ఎక్కించేది ఎప్పుడు?" రోజూ సాయంత్రం చిట్టాలోంచి ఆవర్జాకు, అంటే లెడ్జర్‌కు, పద్దులు ఎక్కించడం ఆయన ఉద్యోగంలో సగం. ట్యాలీలో ఆ పని దానంతటదే అయిపోతుంది. నోటిమాటగా చెబితే ఆయన నమ్మడు, నమ్మకూడదు కూడా. ఎత్తిరాసిన ప్రతి అంకెనూ సరిచూసుకోవడమే ఇన్నేళ్లూ ఆయన్ను నిలబెట్టింది. అందుకే ఆయన దుకాణం పాత చిట్టాలోంచి ఒక రోజు పద్దులు తెమ్మనాలి. అవే వోచర్లుగా ఎక్కించమని, లెడ్జర్ తెరిచి, సాయంత్రం రొక్కం నిల్వ తన పుస్తకంతో పైసాతో సహా సరిపోయిందో లేదో ఆయన్నే చూసుకోమనాలి. ఆ తర్వాత ఒక బీకాం అమ్మాయిని ఆయన పక్కన కూర్చోబెడితే ఆమె కీబోర్డు చూసుకుంటుంది, ఆయన పద్దు చూసుకుంటాడు. ఈయన విజువలా ఆడిటరీయా అని ఫారం నింపించి ఉంటే ఇందులో ఏ ఒక్కటీ మనకు తెలిసేది కాదు.

అమెరికాలో మాల్కమ్ నోల్స్ 1970ల నుంచీ పుస్తకాల్లో చెబుతూ వచ్చింది దాదాపు ఇదే. పెద్దవాళ్లు ఎందుకు నేర్చుకోవాలో తెలిస్తేనే కూర్చుంటారు, తమ నిర్ణయం తామే తీసుకోవాలనుకుంటారు, వెంట అనుభవం మోసుకొస్తారు, సిలబస్ కంటే సమస్య చుట్టూ ఆలోచిస్తారు. దీనికి ఆయన వాడిన ఆండ్రగాజీ అనే పేరు ఇంటర్వ్యూలో పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

పేరు తెలియకుండానే ఆ పని చేసి చూపించిన అనుభవం మన నేలమీదే ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్నప్పుడు, రాత్రి బడుల వాచకంలో సారా వల్ల సంసారాలు ఎలా చితికిపోతున్నాయో చెప్పే పాఠం ఉండేది. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం దగ్గర పలకలు పక్కనపెట్టి తమ ఊరి సారా దుకాణం గురించి మాట్లాడుకున్నారు, దాన్ని మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. పగలంతా కూలికి పోయి వచ్చిన మనుషులు రాత్రి లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దారంటే, ఆ అక్షరాల్లో తమ ఇంటి సంగతి కనబడింది కాబట్టే. శిక్షణ రంగంలోకి రాదలచినవాళ్లు స్టైల్స్ గురించి పది వీడియోలు చూసే బదులు ఈ ఉద్యమం గురించి ఒక పూట చదివితే మేలు.

పొలంబడి ఇంకో మంచి పాఠశాల. ఫార్మర్ ఫీల్డ్ స్కూల్ పేరుతో 1989లో ఇండోనేసియాలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటుతో మొదలైన పద్ధతి ఇది. పాతికమంది దాకా రైతులు పంటకాలమంతా వారానికోసారి ఒక పొలం దగ్గర కలుస్తారు. చేలోకి దిగి కొన్ని దుబ్బులు విడదీసి చూస్తారు. సుడిదోమ ఎంత ఉంది, దాన్ని తినే సాలీళ్లు, అక్షింతల పురుగులు ఎన్ని ఉన్నాయి అని లెక్కపెడతారు. గట్టుమీద చార్టు పరిచి మొక్క బొమ్మ వేసి, ఒకపక్క శత్రు పురుగులు, ఒకపక్క మిత్ర పురుగులు గీస్తారు. మందు కొట్టాలా వద్దా అన్నది వాళ్లే వాదించుకుని తేల్చుకుంటారు. "ఇదేం పురుగు సార్?" అంటే శిక్షకుడు వెంటనే పేరు చెప్పేయడు. "ఎక్కడ కనబడింది? ఏం చేస్తోంది?" అని ఎదురడుగుతాడు. చూడటం, వినడం, గీయడం, చేయడం అన్నీ ఒక్క ఉదయంలో అందరికీ జరిగిపోతాయి. కోల్బ్ చెప్పిన చక్రం ఇదే: అనుభవం, దానిమీద ఆలోచన, దాన్నుంచి ఒక సూత్రం, మళ్లీ ప్రయోగం. కోల్బ్‌ను మనుషుల్ని నాలుగు గళ్లలో కూర్చోబెట్టడానికి కాక, సెషన్ నడపడానికి వాడుకుంటే ఉపయోగం.

జ్ఞాపకం సంగతి ఒకటి. ట్రైనర్ల స్లైడ్లలో "చదివింది 10 శాతం గుర్తుంటుంది, విన్నది 20 శాతం" అంటూ ఒక పిరమిడ్ తిరుగుతుంటుంది. దానికింద ఎడ్గర్ డేల్ పేరు వేస్తారు. 1946లో డేల్ గీసిన బొమ్మలో శాతాలే లేవు, అవి తర్వాత ఎవరో తగిలించినవి. ఆ స్లైడ్ మీ డెమోలో పెట్టకండి. నిజమైన అంకె కావాలంటే 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగం ఉంది. ఒక పాఠాన్ని నాలుగు విడతల్లో చదివిన విద్యార్థులకు వారం తర్వాత 40 శాతం గుర్తుంటే, ఒక్క విడతే చదివి మూడు విడతలు చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. అది కాలేజీ పిల్లల మీద జరిగింది, నిజమే. అయినా రెండోరోజు క్లాసును "నిన్న ఏం చెప్పుకున్నామంటే" అని మీరే మొదలుపెట్టే బదులు, కాగితాలిచ్చి వాళ్లచేత రాయించడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఇక ఇంటర్వ్యూ. స్టైల్స్ ప్రశ్న వస్తే ప్యానెల్‌తో వాదనకు దిగకండి. ఇలా చెప్పవచ్చు: "వార్క్ లాంటివి తెలుసండీ. ఇష్టాలు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి ఒకే విషయాన్ని రెండు మూడు విధాలుగా చూపిస్తాను. కానీ బ్యాచ్ మొదలయ్యేముందు నేను కనుక్కునేది వేరు. వాళ్లకు ఇప్పటికే ఏం వచ్చు, ఇది నేర్చుకుని సోమవారం ఏ పని చేయాలి, ఇప్పుడు ఎక్కడ ఆగిపోతున్నారు." డెమో క్లాసుకు పది నిమిషాలే ఇస్తారు. అందులో మీరు నాలుగు నిమిషాలకు మించి మాట్లాడకుండా ఉండగలిగితే మిగతా అభ్యర్థుల కంటే మెరుగైనట్టే.

దారులు చెప్పాలంటే, ఐటీఐ, డిప్లొమా లేదా ఇంజినీరింగ్ చేసి ట్రేడ్ శిక్షకులు కావాలనుకునేవాళ్లకు క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ ఉంది. ఏడాది కోర్సు, హైదరాబాద్‌లో విద్యానగర్, రామంతాపూర్‌లలోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థల్లో (ఎన్‌ఎస్‌టీఐ) చదవవచ్చు. స్కిల్ సెంటర్లలో చేరాలంటే మీ రంగపు సెక్టార్ స్కిల్ కౌన్సిల్ నుంచి ట్రైనర్ సర్టిఫికెట్ అడుగుతారు. వ్యవసాయ డిగ్రీ ఉన్నవాళ్లు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ కార్యక్రమాలు గమనిస్తుండాలి. అక్కడ రూపొందించిన ‘దేశీ’ అనే డిప్లొమాలో ఎరువులు, పురుగుమందుల డీలర్లు వారానికోసారి విద్యార్థులవుతారు. జనం ముందు నిలబడటం కంటే పాఠం అల్లడం ఇష్టమైతే ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ ఉద్యోగాలు చూడండి.

కాస్త పెద్ద ఉద్యోగానికి వెళ్తే ఇంకో ప్రశ్న తప్పదు: "మీ శిక్షణ పనిచేసిందని ఎలా తెలుస్తుంది?" ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో చుక్కలు చూపిస్తే చాలదు. డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లో వేసిన నాలుగు మెట్లలో అది మొదటిది మాత్రమే. నచ్చిందా, నేర్చారా, పనిలో వాడుతున్నారా, దానివల్ల ఫలితం మారిందా అన్నవి ఆ మెట్లు. చాలామంది ట్రైనర్లు రెండోదాకా వెళ్తారు. మూడోదానికి ఖర్చేమీ లేదు. బ్యాచ్ ముగిసిన నెలకు ఆ ఎరువుల దుకాణానికి ఫోన్ చేసి, చిట్టా ఇంకా చేత్తో రాస్తున్నారా, ఆపేశారా అని అడగడమే.