పిల్లల పిప్పిపళ్ళు: పీకించే ముందు ఇది చదవండి
(రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం – తల్లిదండ్రుల కోసం)

బడిలో గానీ అంగన్‌వాడీలో గానీ డాక్టర్ల బృందం మీ పిల్లల నోరు చూసి, "పిప్పి ఉంది, ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అని చీటీ రాసిచ్చిందా? "పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అని ఆ చీటీ పక్కన పడేయకండి.

పథకం ఏమిటి?

ఈ కార్యక్రమం 2013లో మొదలైంది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లల్ని పరీక్షించి, జబ్బుల్ని ముందే పట్టుకుని, ఉచితంగా చికిత్స చేయించడం దీని ఉద్దేశం. పళ్ళ జబ్బులు కూడా ఇందులో ఉన్నాయి. వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి 2 సార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు ఏడాదికి ఒకసారి రావాలి. బృందం చూసి చీటీ ఇస్తుంది. పన్ను బాగుచేయించుకోవడానికి మాత్రం ఆ చీటీ పట్టుకుని మీరే వెళ్ళాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

పాలపన్నును ఎందుకు కాపాడాలి?

పాలపళ్ళు మొత్తం 20. ముందు పళ్ళు 6, 7 ఏళ్ళకు ఊడటం మొదలవుతుంది. కానీ పాల దవడ పళ్ళు 10 నుంచి 12 ఏళ్ళ దాకా ఉండాలి. వాటిని 5 ఏళ్ళకే పీకించేస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. తర్వాత రావలసిన పన్నుకు చోటు చాలక వంకరగా వస్తుంది. తప్పనిసరై పీకించాల్సి వస్తే, ఖాళీ మూసుకుపోకుండా తీగ అమర్చాలా అని డాక్టరుగారిని అడగండి.

ముఖ్యంగా గుర్తుంచుకోండి: 6 ఏళ్ళ ప్రాంతంలో, ఏ పన్నూ ఊడకుండానే, వరుస చివర ఒక కొత్త దవడ పన్ను వస్తుంది. అదీ పాలపన్నే అనుకుని వదిలేస్తుంటారు. కాదు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. పోతే మళ్ళీ రాదు.

పన్ను ఎంత పాడైతే ఏం చేస్తారు?

• సుద్దలాంటి తెల్ల మచ్చ: ఇది పిప్పికి మొదటి గుర్తు. ఫ్లోరైడ్ పూత వేసి, సరిగ్గా తోముకుంటే ఇక్కడే ఆపవచ్చు.
• చిన్న గుంత: పాడైన భాగం తీసి సిమెంట్ నింపుతారు. కొన్నిసార్లు మిషను, సూది లేకుండా చేతి పనిముట్లతోనే అయిపోతుంది.
• కుదురుగా కూర్చోలేని చిన్నపిల్లలు: పిప్పి పెరగకుండా వెండి కలిసిన మందు రాయవచ్చు. రాసినచోట నల్లగా అవుతుంది. కంగారుపడకండి.
• గుంత నరం దాకా వెళితే: నరానికి చికిత్స చేసి, పైన స్టీలు క్యాపు వేస్తారు. పాలపన్ను ఊడేటప్పుడు దాంతోపాటే క్యాపు కూడా ఊడిపోతుంది.
• బాగుచేయలేనంత పాడైతే: అప్పుడే పీకుతారు.

ముందు వెళితే సిమెంట్‌తో పోతుంది. ఆలస్యం చేస్తే నరం దాకా వస్తుంది.

మీకు వచ్చే సందేహాలు

నొప్పి దానంతటదే తగ్గిపోయింది. ఇంకా వెళ్ళాలా?
వెళ్ళాలి. లోపలి నరం చచ్చిపోయినా నొప్పి తగ్గుతుంది. చీము మాత్రం లోపల పెరుగుతూనే ఉండవచ్చు.

పన్నులో పురుగు తీస్తామంటున్నారు. తీయించవచ్చా?
వద్దు. పిప్పిపన్నులో పురుగు ఉండదు. నోట్లోని సూక్ష్మక్రిములు తీపిని ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం పన్నును కరిగిస్తుంది. లవంగ నూనెతో నొప్పి కాసేపు తగ్గవచ్చు గానీ గుంత పూడదు.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సినవి

చెంప లేదా దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఎక్కడికి వెళ్ళాలి?

చీటీలో రాసిన ఆసుపత్రికి వెళ్ళండి. పెద్ద చికిత్స అవసరమైతే హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. చీటీ పోతే ఆశా కార్యకర్తను గానీ, అంగన్‌వాడీ టీచరుని గానీ, బడి హెడ్‌మాస్టర్‌ని గానీ అడగండి. చికిత్స ఒక్కసారిలో పూర్తికాకపోతే, మళ్ళీ రమ్మన్న తేదీ చీటీ మీదే రాయించుకోండి.

ఇంట్లో చేయవలసినవి

• ఉదయం, రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో తోమించండి. 3 ఏళ్ళ లోపు బియ్యపు గింజంత, 3 నుంచి 6 ఏళ్ళకు బఠాణీ గింజంత పేస్టు చాలు.
• 7, 8 ఏళ్ళ దాకా మీరే తోమండి, లేదా దగ్గరుండి తోమించండి.
• పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చకండి.
• చాక్లెట్లు, బిస్కెట్లు రోజంతా కొద్దికొద్దిగా ఇవ్వకండి. ఇస్తే భోజనంతో పాటే ఇవ్వండి.

ఈ రాత్రి పడుకునే ముందు ఫోను లైటు వేసి మీ పిల్లల నోరు ఒకసారి చూడండి. చివరి పళ్ళ మీద గుంత గానీ, నల్ల మచ్చ గానీ కనిపిస్తే, చీటీ కోసం ఎదురుచూడకుండా పళ్ళ డాక్టరుకి చూపించండి.