చారిత్రక నవల - జాతిచైతన్యం: రుద్రమదేవి ఇతివృత్తంపై ఒక పరిశీలన

ధనంజయుడు దశరూపకంలో ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించాడు. ఇతిహాసాదులలో ప్రసిద్ధమైనది ప్రఖ్యాతం, కవికల్పితం ఉత్పాద్యం, ఈ రెండింటి కలయిక మిశ్రం. రూపకాలను ఉద్దేశించి చేసిన ఈ విభాగం ఆధునిక ప్రక్రియ అయిన చారిత్రక నవలకు కూడా అన్వయిస్తుంది. చారిత్రక నవల మిశ్రేతివృత్తం. అయితే పాఠకునిలో 'ఇది మా జాతి కథ' అనే భావాన్ని కలిగించేది అందులోని ప్రఖ్యాతాంశమా, ఉత్పాద్యాంశమా అన్నది విచార్యం. కాకతి రుద్రమదేవి కథ ఈ విచారణకు తగిన ఆధారం.

ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో తెలుగువారు ఒకే పాలన కింద లేరు. కోస్తా, రాయలసీమలు మద్రాసు రాజధానిలోను, తెలంగాణ నిజాం రాజ్యంలోను ఉండేవి. 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపన, 1910లో చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' ప్రథమభాగ ప్రకటన, 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ చారిత్రకాసక్తికి దోహదం చేశాయి. చరిత్రగ్రంథాలు రాజవంశాలను, శకవర్షాలను అందించగా, ఆ వంశవృక్షాలకు ప్రాణప్రతిష్ఠ చేసినది నవల. అడివి బాపిరాజు (1895-1952) 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రి (1900-1978) 'రుద్రమదేవి' ఇందుకు నిదర్శనాలు. మద్రాసు రాజధానిలోని పాఠకుడు పాలనాపరమైన ఎల్లలను దాటి ఓరుగల్లును తన రాజధానిగా భావించడానికి ఇటువంటి రచనలు తోడ్పడ్డాయి.

ఈ నవలలకు మూలమైన శాసనసామగ్రి స్వల్పం. కొన్ని శాసనాలు రుద్రమను 'రుద్రదేవ మహారాజు' అని పురుషనామంతో పేర్కొంటాయి. గోన గన్నారెడ్డి విషయంలో 1294 నాటి రాయచూరు కోట శాసనం ముఖ్యాధారం. ఆయన పక్షాన విఠలనాథుడు కోటలు జయించి రాయచూరులో దుర్గం నిర్మించినట్లు అది తెలుపుతుంది. ఆయన స్వభావాన్ని గూర్చి గాని, మనోగతాన్ని గూర్చి గాని అది ఏమీ చెప్పదు. శాసనం మౌనం వహించిన ఈ తావులోనే బాపిరాజు కల్పనకు అవకాశం లభించింది. లోకానికి గజదొంగగా కనిపిస్తూ అంతరంగంలో సింహాసనభక్తి గల వీరుణ్ణి ఆయన సృష్టించారు. పాఠకుని హృదయంలో నిలిచినది ఈ ఉత్పాద్య వీరుడే.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. పదమూడో శతాబ్ది సామంతుని విధేయత ప్రభువుకు చెందినది. భాషాజాతి అనే ఆధునిక భావన ఆ కాలానిది కాదు. కాయస్థ అంబదేవుడు రుద్రమపై తిరుగుబాటు చేసి, 1290 నాటి త్రిపురాంతక శాసనంలో తన విజయాలను ఘనంగా చాటుకున్నాడు. జాతి దృష్టితో చూస్తే ద్రోహిగా తోచే ఈ వ్యక్తి, తన దృష్టిలో స్వతంత్ర ప్రభువు. తెలుగునాట వీరుల మధ్యనే సాగిన ఈ వైరాన్ని విస్మరిస్తే జాతి ఐక్యత అనాదిసిద్ధమనే భ్రమ కలుగుతుంది.

ప్రఖ్యాతాంశం కూడా స్థిరం కాదు. రుద్రమ పాలన సుమారు 1295 వరకు సాగిందని పూర్వ చరిత్రకారులు భావించారు. ఈ నవలల రచనానంతరం వెలుగుచూసిన చందుపట్ల శాసనం ఆమె, సేనాని మల్లికార్జున నాయకుడు 1289 నాటికే మరణించినట్లు సూచించింది. ఇక 1261 నాటి మల్కాపురం శాసనం విశ్వేశ్వర శివాచార్యునికి ఇచ్చిన దానాలతోపాటు ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను పేర్కొంటుంది. యుద్ధవిజయాలతో సమానంగా జాతి గర్వించదగిన ఈ అంశం భావి నవలాకారులకు చక్కని కథాబీజం.

2014లో ఏర్పడిన తెలంగాణ తన రాజముద్రలో కాకతీయ తోరణాన్ని నిలుపుకొన్నది. మల్కాపురమో ఆంధ్రప్రదేశ్‌లోని అమరావతి ప్రాంతంలో ఉంది. ఒకప్పుడు సమైక్యభావానికి ఆలంబనమైన గతమే తరువాత ప్రత్యేక అస్తిత్వానికీ ఆలంబనమైంది. గతం ఒక్కటే, దానిని తమదిగా స్వీకరించే సమాజాలు మారుతున్నాయి.

దీనినిబట్టి జాతిభావాన్ని ఉద్దీపింపజేసేది ప్రధానంగా ఉత్పాద్యాంశమని, దానికి ప్రామాణ్యాన్ని చేకూర్చేది ప్రఖ్యాతాంశమని నిర్ణయించవచ్చు. శాసనం మౌనం వహించినచోట కల్పన ఔచిత్యభరితం. శాసనం పలికినచోట కల్పన దానికి లోబడి ఉండాలి. ఈ వివేకం రచయితకు ఎంత అవసరమో, నవలనే చరిత్రగా గ్రహించే పాఠకునికి అంతకంటే ఎక్కువ అవసరం.